దద్దుర్లు రాని గంట

చెయ్యి నున్నగానే ఉంది. కూర్మారావు చొక్కా చేతిని మోచేతి పైదాకా మడిచి, ముంజేతిని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నెరిసిన వెంట్రుకలు, వాచీ పట్టీ కింద తెల్లబడిన చార, కుర్రతనంలో డీజిల్ ఇంజన్ మీద కాల్చుకున్న మచ్చ. అంతకుమించి ఏమీ లేదు. ఎర్రగా ఒక చుక్క లేదు, దోమ కుట్టినంత పొంగు లేదు. లేకపోవడమే కదా కావలసింది, మరి ఈ గుండె ఎందుకిలా కొట్టుకుంటోంది, దీనికేం పుట్టింది అని దాన్నే విసుక్కున్నాడు. పొద్దున్న ఆ బిళ్లలో పావు ముక్క ఇచ్చి, కూర్చోబెట్టి, చాలాసేపు చూసి, ఏమీ కాకపోయేసరికి మిగిలిన ముక్క కూడా మింగించి డాక్టర్ రాజేశ్వరరావు లోపలి వార్డులోకి వెళ్లాడు. ఇంకో గంట గడిస్తే చాలు, ఈ నొప్పి బిళ్ల మీ ఒంటికి పడినట్టే అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, దురద పుట్టినా, పెదవి బరువెక్కినా, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టున్నా వెంటనే నర్సుని పిలవండి, ఓర్చుకుని కూర్చోకండి, మీ ఓర్పు ఎంతో చూడాలని పెట్టింది కాదిది అన్నాడు. పక్కన బల్ల మీద ట్రేలో, గుడ్డ కప్పి, సూదిమందు సిద్ధంగా ఉంది. కూర్మారావు అటువైపు చూడడం మానేసి చాలాసేపయింది.

డాక్టర్ల ముందు కూర్చోవడం అతనికి కొత్త కాదు. కూర్మారావు గూడ్సు బండి డ్రైవరు. ఈ కిరండూల్ కొండ తవ్వి తీసిన ఇనపరాయిని విశాఖపట్నం రేవుకి మోసే బళ్లు, అతనే నడపకపోతే కదలవన్నంత గర్వంగా, తన వయసంతా నడిపాడు. ఆ ఉద్యోగంలో ఉన్నవాడికి కొన్నేళ్లకోసారి మెడికల్ తప్పదు. కళ్లు చూస్తారు, గుండె చూస్తారు, రక్తపోటు చూస్తారు. అందులో తప్పితే ఇంజన్ దిగి ఏదో గదిలో ఫ్యాను కింద కాగితాలు కుట్టుకుంటూ కూర్చోవాలి, పిలిచేవాళ్లు కూడా "పాపం కూర్మారావు" అని పిలుస్తారు. అందుకని అతనూ, అతని జతగాడు భూషణమూ మెడికల్ దగ్గరపడిందంటే ఉప్పు మానేసేవారు, రాత్రి పెందలాడే పడుకునేవారు, ఆ ఒక్క పొద్దుటికీ చాటుగా ఒక రక్తపోటు బిళ్ల వేసుకుని తెల్లచొక్కాలు తొడుక్కుని పెళ్లికొడుకుల్లా వెళ్లేవారు. పాసై బయటికొచ్చి ఉప్పూ కారం దట్టంగా ఉన్న బజ్జీలు తినేవారు. డాక్టరంటే మనల్ని ఇంజన్ దింపడానికి కూర్చున్నవాడు, అతని ముందు ఒళ్లు బాగున్నట్టు కనిపించాలి, కనిపించి బయటపడాలి, అంతే. ఇది ఎవరూ నేర్పలేదు, ఎవరూ తప్పనలేదు. ఇందులో కూర్మారావు అంతటి ఘనుడు ఆ లైనులోనే లేడని చెప్పుకునేవారు. ఆ ఘనత ఇవాళ మెడకి చుట్టుకుంది.

ఎందుకంటే వారం కిందటే డాక్టర్ విడమరిచి చెప్పాడు. "దద్దుర్లు వచ్చినప్పుడు మీరు వేసుకునే దురద బిళ్ల ఉంది చూశారా, అది ఈ వారమంతా ముట్టుకోకండి. అది లోపలుంటే, ఈ కొత్త మందు మీకు పడకపోయినా పైకి తెలీదు. తెలీకపోతే ఈ శ్రమంతా దేనికి చెప్పండి?" కూర్మారావు బుద్ధిమంతుడిలా తలూపాడు. వారమంతా ముట్టుకోలేదు కూడా. ఇవాళ పొద్దున్న, భార్య చిన్నమ్మి వంటింట్లో క్యారియర్ సర్దుతుంటే, స్నానాలగదిలో గడియ పెట్టుకుని, కుళాయి విప్పి, ఆ నీళ్ల చప్పుడులో రేకు చించి ఒక దురద బిళ్ల నోట్లో వేసుకున్నాడు. ఒకటి చాలదేమోనని ఇంకొకటి. రేపో మాపో రిటైరయ్యే మనిషి, మనవల్ని ఎత్తుకున్న మనిషి, తన ఇంట్లో తాను బెల్లం దొంగిలించే పిల్లాడిలా గోడకి చేరబడి మింగాడు. బయటికి రాగానే చిన్నమ్మి, "ఇంతసేపేటి బావా, నడుం పట్టీసిందేటి?" అని కంగారుపడింది. లేదన్నాడు. ఆ మాట మట్టుకు నిజమే.

బయట యార్డులో ఖాళీ వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకుంటూ జరిగిన చప్పుడు వరసగా పోయింది. ఆ చప్పుడు చెవిన పడగానే నడుము దగ్గర, సరిగ్గా తోకెముక పైన, పాత పన్ను సలిపినట్టు సలిపింది. ఈ నొప్పి ఇంజన్ ఇచ్చిందే. ఏళ్ల తరబడి ఆ సీటు మీద కూర్చుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఘాట్‌లో మలుపు మలుపుకీ వెనక్కి తిరిగి బండి తోక చూసుకుని చూసుకుని తెచ్చుకున్నది. మొదట్లో పడుకుంటే తగ్గేది. తర్వాత పడుకుంటేనే ఎక్కువయ్యేది. రాత్రులు చిన్నమ్మి లేచి, పెనం మీద ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టేది. నిద్ర కళ్లతో తూగుతూనే ఆ మూటని ముందు తన చెంపకి ఆనించుకుని వేడి చూసుకునేది, తర్వాతే అతని నడుం మీద పెట్టేది. ఎన్ని రాత్రులు అలా చేసిందో అతనికి తెలీదు, అడగలేదు. పారాసిటమాల్ ఒక్కటే అతని ఒంటికి పడుతుంది, ఆ నడుముకి అది ఏ మూలకీ చాలదు. గట్టి మందేది వేసుకున్నా ఒళ్లు పొంగుతుంది. నొప్పి తగ్గించేది, దద్దుర్లు తేనిది, ఒక్క బిళ్ల, ఒకే ఒక్క బిళ్ల దొరికితే చాలని ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు ఏడాది పైగా ఎదురుచూస్తున్నారు.

గట్టి మందు పడదని తెలియడానికే ఎంత రభస అయిందని. కళింగపట్నం పక్కన పుట్టింటికి వెళ్లినప్పుడల్లా చిన్నమ్మి ఎండు రొయ్యలు తెచ్చేది. పాసింజరు పెట్టెలో ఆ వాసనకి పక్కవాళ్లు ముక్కు మూసుకుంటే మూసుకోనీ, తనకేం లెక్క, ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చేది. ఒక ఆదివారం వంకాయ వేసి వండింది. అతను దానికి ముందే బజారులో మందుల షాపు నుంచి నొప్పి బిళ్ల తెచ్చుకుని చాటుగా వేసుకుని ఉన్నాడు, నడుం నొప్పి సంగతి డిపోలో పొక్కితే బరువు డ్యూటీ తీసేస్తారని భయం. భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే వీపు మీద మొదలైంది. గోకేకొద్దీ లేచాయి. తొడల మీద, మెడ మీద, చెవి తమ్మెల మీద కూడా. పక్క క్వార్టర్ సూర్యకాంతం గొంగళి తెచ్చి కప్పి రుద్దుతూ, "నీ రొయ్యలే సేసేయి చిన్నమ్మీ, ఈ కొండమీద గాలికి ఆ సముద్రం తిండి పడదు" అని తేల్చేసింది. ఏదైనా మాత్ర వేసుకున్నావా అని చిన్నమ్మి అడిగింది. లేదన్నాడు. ఆ పూటనుంచి ఆ ఇంట్లో రొయ్య లేదు. తర్వాత వంకాయ పోయింది, గోంగూర పోయింది, గుడ్డు పోయింది. ఆమె ఏది వండినా ముందు తన నాలిక మీద వేసుకుని, నేరం చేసినదానిలా అతని మొహంలోకి చూసి వడ్డించేది. తన బిళ్ల సంగతి తనకి తెలుసు. తెలిసి, చప్పటి సొరకాయ పులుసు మాట్లాడకుండా తిన్నాడు. తప్పు చేసినవాడు తిండి దగ్గర పేచీలు పెట్టకూడదని మట్టుకు అతనికి ఎలా తోచిందో మరి.

అసలు సంగతి రన్నింగ్ రూంలో బయటపడింది. డ్యూటీ దిగిన డ్రైవర్లు పడుకునే ఆ గదిలో, బండి తీయడానికి లేపేవాడొచ్చి లైటు వేసి, కూర్మారావు మొహం చూసి బెదిరి వెనక్కి జరిగాడు. కళ్లు పూడుకుపోయాయి. పై పెదవి బూరెలా పొంగి ముక్కుకి తగులుతోంది. ఆ పూట తిన్నది రొట్టే పప్పూ, మింగింది మాత్రం ఇంకో రకం నొప్పి బిళ్ల. అతని అసిస్టెంటు బంగారురాజు పరిగెత్తుకొచ్చి, "గురువుగారూ, ఏటిది మీ మొకం!" అన్నవాడు ముందు నవ్వబోయి, తర్వాత ఏడుపు మొహం పెట్టాడు. మిగతా డ్రైవర్లు లేచొచ్చారు, వంటవాడు గరిటె పట్టుకునే వచ్చాడు. అందరూ అతన్ని సంతలో రెండు తలల దూడని చూసినట్టు చూశారు. గొంతు బిగుసుకుపోతోంది, మాట రావడం లేదు, చెయ్యి ఊపి ఏదో చెప్పబోతే తాగాడేమో అన్నారెవరో. తాగాడేమో అన్నారు, కూర్మారావుని! రాయి నింపిన బండి పక్క లూప్ లైన్లో అలా నిలబడిపోయింది. వేరే డ్రైవరు వచ్చేదాకా దాని వెనకాల బళ్లు కూడా నిలబడ్డాయి. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే మొహాన తుండుగుడ్డ కప్పుకున్నాడు. ఊపిరాడక పోతున్నప్పుడు కూడా మనిషికి ముందు మొహం దాచుకోవాలనే అనిపిస్తుంది, చిత్రం. ఆ తర్వాతే ఈ డాక్టర్ రాజేశ్వరరావు గుచ్చి గుచ్చి అడిగి, ఏ పూట ఏం మింగారో అన్నీ రాబట్టి, తిండి కాదు మందులే కారణమని తేల్చాడు. చిన్నమ్మి అక్కడే ఉంది. మొదటి ఆదివారం నాటి బిళ్ల సంగతి కూడా అప్పుడే విన్నది. ఇంటికి వెళ్తూ బజారులో ఆగి అరకిలో వంకాయలు కొన్నది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

ఇప్పుడు చూడు ఆమెని. స్టూలు మీద కూర్చుని, క్యారియర్ కాళ్ల దగ్గర పెట్టుకుని, అద్దాలు ముక్కు మీదకి జార్చి అతని చెయ్యి, మెడ, చెవులు వరసగా చూస్తోంది. బిళ్ల పడితే వచ్చే ఏడు పైడితల్లికి చీర పెడతానని మొక్కుకుంది. ఇంజన్ బయల్దేరేముందు తను ఒక్కొక్క గేజీ చూసుకున్నంత జాగ్రత్తగా చూస్తోంది, అన్నీ సరిగ్గా ఉన్నాయని ఆమె మొహం విచ్చుకుంటోంది. "ఏటీ లేదు బావా, నున్నగా ఉంది" అంది మెల్లగా, గట్టిగా అంటే దిష్టి తగులుతుందన్నట్టు. ఊఁ అన్నాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. కిటికీ అవతల కొండ, కొండ మీదనుంచి రాయి దింపే కన్వేయరు, దాని కింద వాన నీళ్లు ఎర్రగా పారుతున్న కాలవ. ఇక్కడ ఆరేసిన తెల్లబట్ట తెల్లగా ఉండదని ఊరివాళ్లకి చెప్తే నమ్మరు. కళ్లు మూతలు పడుతున్నాయి, రెండు బిళ్లలు కదా మరి. నిద్రపోతే డాక్టర్ పట్టేస్తాడేమో. పట్టేస్తే బాగుండునేమో. ఆ ఆలోచన ఎక్కణ్నించి వచ్చిందో తెలియక ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు.

గదిలో రెండో మంచం మీద జోగి ఉంది. అడవి వైపు ఎర్రబోరు అనే ఊరి మనిషి, ఇక్కడ గని కూలీల హాస్టల్లో వంట చేస్తుంది. అన్నం డేగిసా దింపబోతే భుజం పట్టు తప్పి, అప్పట్నుంచి చెయ్యి పైకెత్తలేదు. ఆమెకీ ఇదే బాధ, నొప్పి బిళ్ల వేసుకుంటే దద్దుర్లు. ఆమెకీ ఇవాళ ఇదే బిళ్ల, ముక్క ముక్కగా ఇచ్చారు. పొద్దుటినుంచీ కుదురు లేదు ఆమెకి, నర్సుతో హిందీలో, ఊడ్చే మనిషితో అక్కడి హల్బీ భాషలో, వీళ్లతో తెలుగులో వాగుతూనే ఉంది. ఉన్నట్టుండి వాగడం ఆపేసింది. ఆపేసి, మెడ గోక్కుని, జాకెట్టు చెయ్యి పైకి లాగి చూసుకుని, గదంతా వినపడేలా అరిచింది.

"ఏ అక్కా, ఇగో చూడు, లేచినయ్! సిస్టర్, ఓ సిస్టర్, ఇధర్ ఆవ్, చూడు ఎట్ల లేచినయో!"

చూపించింది. దాచుకోలేదు. మోచెయ్యి మడతలో ఎర్రటి దద్దుర్లు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతున్నాయి, మెడ మీదకి పాకుతున్నాయి. నర్సు పరిగెత్తింది, డాక్టర్ వచ్చాడు, నాలిక చూశాడు, ఊపిరి విన్నాడు, ఒక ఇంజెక్షన్ ఇచ్చాడు. చిన్నమ్మి లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని, గోక్కోనీకుండా నోటితో ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ నిలబడింది. జోగి డాక్టర్‌ని తిట్టింది, బిళ్లని తిట్టింది, హాస్టల్ డేగిసాని తిట్టింది. "ఏంది సారూ, ఇది గూడ పడదా నాకు? నా నసీబే ఖరాబు! మల్ల ఆ భుజంతోనే గంజి వంచాలెనా?" అంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టర్ మంచం అంచున కూర్చున్నాడు.

"పడలేదు. పడలేదని తెలిసింది, అదే కావాలి మనకి. ఇది ఇంట్లో వేసుకుని ఉంటే? మీ చెల్లెలు ఉండే చింతలనార్ అడవిలో వేసుకుని ఉంటే, నక్సలైట్లు రోడ్డుకి అడ్డంగా చెట్లు కొట్టి పడేసిన రోజున నిన్నెవరు తెస్తారు? నువ్వు చాలా మంచి పని చేశావు జోగీ, మొదటి దురదకే పిలిచావు. ఇంకో రకం ఉంది. తగ్గాక మళ్లీ రా, అది చూద్దాం."

మంచి పని చేశావు అన్నాడు. కూర్మారావుకి ఆ మాట చెవిలో ఇరుక్కుపోయింది. ఆ మనిషి తప్పింది కదా. అందరి ముందూ ఒళ్లంతా పొంగి తప్పింది కదా. తప్పినదాన్ని పట్టుకుని మెచ్చుకుంటున్నాడు ఈయన. మరి తనని? పొద్దుటినుంచీ తన చెయ్యి చూసినప్పుడల్లా ఈయన మొహంలో వచ్చిన ఆ తృప్తి, అది తను గెలిచినందుకని అనుకున్నాడు, ఈయన్ని బురిడీ కొట్టించినందుకని లోలోపల కాస్త మురిశాడు కూడా. ఈయన ఎవరి పక్షాన ఉన్నాడు ఇంతకీ? ఇక్కడ ఇంజన్ దింపేవాడెవడూ లేడు. ఈ గదిలో తను ఓడించడానికి తన ఒళ్లు తప్ప ఇంకెవరూ లేరు. చెవులు వేడెక్కాయి. దద్దుర్లు కావు, సిగ్గు. తల కొట్టేసినట్టయింది. జోగి కాస్త కుదుటపడి, కళ్లు తుడుచుకుని, ఇటు తిరిగి, "నీకు రాలే గదన్నా? ఏదీ" అని అతని ముంజేతిని వేళ్లతో తడిమి చూసి, "ఎంత సాఫ్‌గ ఉందో! నీ తకదీర్ మంచిదన్నా" అంది. అసూయ లేదని కాదు, ఉంది, కానీ ఆ అసూయలో కూడా మోసం లేదు. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, ఆమె వేళ్లకి ఏదో అంటుకుంటుందేమోనన్నట్టు.

రావాలి. ఒక్కటి రావాలి. మోచేతి కింద కనీసం బటాణీ గింజంత. అది వస్తే ఏ గొడవా లేదు, తను ఏమీ చెప్పక్కర్లేదు, ఒళ్లే చెప్పేస్తుంది. గోటితో ముంజేతి మీద గట్టిగా గీసుకున్నాడు. ఎర్రటి గీత లేచింది, చూస్తుండగానే పోయింది. లోపల ఏం జరుగుతోందో ఎవరికి తెలుసు? పడలేదేమో. పడలేదనే ఇప్పుడు ఆ రెండు దురద బిళ్లలూ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాయేమో, లోపలినుంచి తోస్తున్నదాన్ని బయటికి రానీకుండా. లేదా నిజంగానే పడిందేమో. ఈ బిళ్ల నిజంగానే అతను ఏడాదినుంచీ వెతుకుతున్న బిళ్లేమో, అదీ తెలియకుండా చేసుకున్నాడు. పడిందో లేదో ఇక దేవుడికే తెలియాలి. భూషణం కూడా అంతే కదా, ఏ మెడికల్‌లోనూ తప్పలేదు. ఇంటిదగ్గర ఆ రక్తపోటు బిళ్ల మళ్లీ ముట్టుకునేవాడు కాదు, పాసయ్యాను కదా నాకేం జబ్బు అనేవాడు, తనూ నవ్వేవాడు. ఇప్పుడు పలాసలో కొడుకింట్లో పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు, మూతి ఒక పక్కకి పోయి, కుడిచెయ్యి ఒళ్లో పిల్లిపిల్లలా పడి ఉంటుంది. చూడ్డానికి వెళ్తే ఎడమచేత్తో తన చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు, అర్థం కాలేదు, కోడలు చెప్పింది, మెడికల్ ఎప్పుడని అడుగుతున్నాడని. ఆ మాటకి బయటికొచ్చి రోడ్డు మీద నిలబడి ఏడ్చాడు. ఏడ్చి ఏం చేశాడు? వచ్చి ఇది చేశాడు. ఛీ, వెధవ బతుకు. ఇంత వయసొచ్చి ఒక్క మనిషి ముందు నిజంగా ఉన్నట్టు కూర్చోవడం చేతకాలేదు.

చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుంది? ఆ బిళ్ల ఇస్తారు, ఇంటికి తీసుకెళ్తాడు, వేసుకోడు. అంతే. వేసుకున్నానని చెప్తాడు, నొప్పి భరిస్తాడు. నొప్పి భరించడం తనకి తెలుసు. అప్పుడు ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు, పరువూ ఉంటుంది. ఇదేదో దారిలా కనిపించి ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకున్నాడు. అవును, ఇదే చెయ్యాలి. వేసుకోను. అంతలో డాక్టర్ వచ్చేశాడు, గంట ఎప్పుడు అయిపోయిందో. రక్తపోటు చూశాడు, వీపు చూశాడు, నాలిక చాపమన్నాడు, అరచేతులు తిప్పమన్నాడు. ఆ చేతివేళ్లు చల్లగా, శ్రద్ధగా ఉన్నాయి. ఎవరో సొంత మనిషి చేతిలా. "బ్రహ్మాండంగా ఉంది కూర్మారావు గారూ" అని ఆయన నవ్వాడు. ఆయన కూడా ఇన్నాళ్లు దీనికోసమే చూశాడు, ఆ నవ్వులో తెలుస్తోంది. "ఇది మీకు పడింది. ఇంక భయం లేదు. రన్నింగ్ రూంలో ఒంటరిగా ఉన్నా వేసుకోవచ్చు, అర్ధరాత్రి నొప్పెత్తినా వేసుకోవచ్చు. ఆ రక్తపోటు మాత్రం మధ్యమధ్య చూపించుకుంటూ ఉండండి." బిళ్లల అట్ట తీసి అతనికి ఇవ్వబోయాడు. అతని చెయ్యి లేవలేదు. చిన్నమ్మి చెయ్యి చాపింది. రెండు చేతులూ చాపింది, గుడిలో తీర్థం పట్టినట్టు.

"తిన్నాకే ఇవ్వాలాండి? నిద్దట్లో ఈయన మూలుగుతారు, లేపి మరీ ఇచ్చీనా పరవాలేదా?" అని అడిగింది. పరవాలేదన్నాడు డాక్టర్. "ఈయనకి గుర్తుండదండి. నానే ఇస్తాను. నా దగ్గిరే ఉంచుకుంటాను" అంది చిన్నమ్మి. ఆ అట్టని అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. ఎన్నాళ్లయిందో ఆమె మొహం అలా చూసి. ఉప్పు మూట వేడి చూసుకున్న చెంప మీద చిన్న గుంట పడింది. అతనికి ఒక్కసారిగా అంతా కనపడింది. వేసుకోను అనుకున్నాడు, కానీ ఇంట్లో అర్ధరాత్రి నిద్రమత్తులో అతను మూలిగితే ఆమె లేస్తుంది. గ్లాసుతో నీళ్లు తెస్తుంది. తల కింద చెయ్యి పెట్టి లేపుతుంది, నోరు తెరువు బావా అంటుంది, అతను తెరుస్తాడు. ఎన్నడైనా ఆమె ఇచ్చింది వద్దన్నాడా? గొంతు బిగుసుకుపోయి అతను చెయ్యి ఊపితే అర్థం కాదు ఆమెకి. ఇది పడిందని డాక్టరే చెప్పాడు కదా అని, ఇంకొకటి ఇస్తుందేమో కూడా.

"డాక్టరు గారండీ" అన్నాడు. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాడు. జోగి ఇటు తిరిగి చూసింది, నర్సు చూసింది. ఎవరూ లేని చోట చెప్పుకోవచ్చు కదా, బయటికి పిలిచి చెప్పుకోవచ్చు కదా అని లోపల ఒకడు ఇంకా బతిమాలుతూనే ఉన్నాడు. బయటికి నడిచేసరికి వాడే గెలుస్తాడని అతనికి తెలుసు. "ఇది తప్పండి. పొద్దున్న నాను దురద బిళ్లలేసుకుని వచ్చేనండి. రెండేసుకున్నాను. మీరు వద్దన్నారు, ఏసుకున్నాను. పాసయిపోదావని."

డాక్టర్ మొహంలో నవ్వు పోయింది, కోపం కూడా రాలేదు, అలిసిపోయినట్టు అయింది, అది ఇంకా ఘోరంగా ఉంది. వంగి చిన్నమ్మి అరచేతిలోంచి ఆ అట్ట తీసేసుకున్నాడు. "ఇవాళ్టికి ఇక్కడే ఉంచండి, ఆ దురద బిళ్లల పట్టు వదిలేదాకా చూడాలి ఈయన్ని. ఇది మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి" అన్నాడు నర్సుతో, కూర్మారావుతో కాదు. జోగి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. అతను ఎవరినీ చూడలేక చిన్నమ్మి చేతుల్నే చూస్తున్నాడు. అట్ట తీసేసినా అవి ఇంకా అలాగే చాపి ఉన్నాయి. ఆమె వాటిని చూసుకుంది, అతన్ని చూసింది.

"నా సేతుల్తోనా బావా?" అంది.